‘మొద్దు’ అన్న మాటకూ కులం ఉంది

ఒక తరగతిలో ఇద్దరు పిల్లలున్నారనుకుందాం. ఇద్దరూ పది నిమిషాలు కుదురుగా కూర్చోలేరు. చెప్పిన పని సగంలోనే మరిచిపోతారు. ప్రశ్న పూర్తి కాకముందే జవాబు అందుకుంటారు. పెన్సిలో పుస్తకమో రోజూ పోగొట్టుకొస్తారు. మొదటి పిల్లవాడిని మన సమాజం ‘చిచ్చరపిడుగు’ అంటుంది. ఇంటి పెద్దలు చిన్నికృష్ణుడితో పోల్చి మురిసిపోతారు. రెండోవాడి దగ్గరికి వచ్చేసరికి అదే తెలుగు భాష ‘కొవ్వు’, ‘బలుపు’, ‘తిక్క’ అనే మాటలను వెతుక్కుంటుంది. చదవడం, రాయడం పట్టుబడని పిల్లల సంగతీ ఇంతే. ఒకరి ఇంట్లో ‘మావాడికి ఏదో ఇబ్బంది ఉంది, డాక్టరుకు చూపించాలి’ అన్న ఆలోచన పుడుతుంది. మరొకరి ఇంటికి ‘మీవాడికి చదువు ఎక్కదు, ఏదైనా పనిలో పెట్టుకోండి’ అన్న తీర్పు నడిచి వస్తుంది. ఇద్దరి మెదళ్లలో ఉన్న ఇబ్బంది ఒకటే కావచ్చు. వాళ్లు పుట్టిన వీధులు వేరు.

ఏడీహెచ్‌డీ అని వైద్యులు పిలిచేది నాడీ వికాసానికి సంబంధించిన స్థితి. ఏకాగ్రత నిలవకపోవడం, అతిచురుకుదనం, ఆలోచించకముందే చేసేయడం దాని లక్షణాలు. డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియా, డిస్‌కాల్క్యులియా అనేవి వరుసగా చదవడంలో, రాయడంలో, లెక్కల్లో ఎదురయ్యే నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు. తెలివి తక్కువ కావడం వల్ల వచ్చేవి కావు ఇవి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే నిర్ధారణ గ్రంథం, భాషలు సంస్కృతులు మారినా బడి ఈడు పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందికి అభ్యసన వైకల్యం, దాదాపు 5 శాతం మందికి ఏడీహెచ్‌డీ ఉంటాయని అంచనా వేసింది. అంటే నలభై మంది ఉన్న ఏ తరగతిలోనైనా కనీసం ఇద్దరు. కులాన్ని బట్టి ఈ లెక్క మారవలసి వస్తే అది పేదలవైపే పెరగాలి. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం ఏడీహెచ్‌డీ ముప్పును పెంచుతాయని వైద్యులు చెబుతారు. ఇనుము లోపం పిల్లల ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 60 శాతానికి పైగా రక్తహీనులే. అయినా ఈ మాటలు వినగానే మన కళ్ల ముందు మెదిలేది నగరంలోని పెద్ద ప్రైవేటు బడిలో చదివే పిల్లవాడే. 2007లో వచ్చిన ‘తారే జమీన్ పర్’ హిందీ సినిమా దేశానికి డిస్‌లెక్సియా అనే మాటను నేర్పింది. ఆ చిత్రం చేసిన మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ అందులోని బాలుడి ఇంటిపేరు అవస్థి. అతడికి బోర్డింగు స్కూలు ఉంది, ఫీజు కట్టగల తండ్రి ఉన్నాడు, చదువులో ముందున్న అన్న ఉన్నాడు. ఇవన్నీ ఉన్నాయి కాబట్టే ‘ఈ ఇంట్లో ఈ పిల్లవాడు ఎందుకు చదవలేకపోతున్నాడు’ అన్న ప్రశ్న పుట్టింది. మాదిగవాడలో, సుగాలి తండాలో ఆ ప్రశ్నే పుట్టదు. అక్కడ చదువు రాకపోవడం ఎవరినీ ఆశ్చర్యపరచదు.

ఆశ్చర్యం లేనిచోట నిర్ధారణ ఉండదు. ఈ మాటను నేను నల్లమాడ ప్రాంతం నుంచి చెబుతున్నాను.

నల్లమాడ పాత అనంతపురం జిల్లా మండలం. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. నియోజకవర్గాల పునర్విభజనకు ముందు అసెంబ్లీ స్థానం పేరు కూడా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఉమ్మడి జిల్లాలో వేరుశనగను నమ్ముకున్న మెట్టనేల ఇది. వాన ముఖం చాటేసిన ఏడు జనం బెంగళూరు కట్టడాల పనికి పోతారు. పిల్లలు కొందరు తల్లిదండ్రుల వెంట పోతారు, కొందరు అవ్వ దగ్గర మిగులుతారు. మధ్యలో ఆగిపోయే చదువుల గురించి తెలుసుకోవడానికి ఈ పల్లెల్లో తిరిగినప్పుడు ఒక మాదిగ తల్లి తన కొడుకును గురించి చెప్పిన మాటలు నా నోటు పుస్తకంలో ఉన్నాయి. పిల్లవాడు ఆరో తరగతి. “నోటి లెక్క అడగండి సార్, టక్కున చెప్తాడు. అంగడికి పంపిస్తే చిల్లర ఒక్క రూపాయి తేడా రాదు. పుస్తకం ఇస్తే మాత్రం అక్షరాలు ఒగదానిమీద ఒగటి ఎక్కినట్ల కనపడతాయంట వానికి.”

“మరి అయ్యవారు ఏమంటారమ్మా?” అని అడిగాను.

“ఏమంటాడు సార్. వాళ్ల నాయనకూ రాల్యా, వాళ్ల తాతకూ రాల్యా, వీనికి యాడొస్తాది అంటాడు.”

ఈ జవాబు దగ్గర కాస్త ఆగాలి. చదవలేని పిల్లవాడిని మనస్తత్వ నిపుణుల దగ్గరికి తీసుకెళితే వాళ్లు మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి: ‘ఇంట్లో ఇంకెవరికైనా ఈ ఇబ్బంది ఉందా?’ డిస్‌లెక్సియా, ఏడీహెచ్‌డీ రెండూ కుటుంబాల్లో వంశానుగతంగా కనిపించేవే. తండ్రికి చదవడం కష్టమైతే కొడుకుకు కష్టమయ్యే అవకాశం ఎక్కువ. అంటే, నగరంలోని క్లినిక్‌లో రోగనిర్ధారణకు ఆధారమయ్యే వాక్యమే ఈ పల్లెలో పిల్లవాడిని బడి నుంచి సాగనంపే వాక్యమయింది. ‘నాయనకూ రాలేదు’ అన్న మాట అక్కడ ఒక ఆధారం, ఇక్కడ ఒక తీర్పు.

ఇంతకంటే లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. మూడు తరాలుగా ఉద్యోగాలు చేస్తున్న కుటుంబంలో ఒక మేనమామకు మాత్రం స్పెల్లింగులు రాకపోతే ఆ సంగతి అందరికీ గుర్తుంటుంది. నిపుణురాలు అడిగినప్పుడు చెప్పడానికి ఒక కుటుంబ చరిత్ర ఉంటుంది. ఈ పిల్లవాడి తాత బడి గడప తొక్కనేలేదు. తండ్రి మూడో తరగతిలో బర్రెల వెంట పోయాడు. ఆ తాతకు అక్షరం రాకపోవడానికి కారణం మెదడా, కులమా? ఎవరు చెప్పగలరు? తరతరాలకు బడి నిరాకరించిన వ్యవస్థ ఆ తరాల వైద్య చరిత్రను కూడా చెరిపేసింది. చదువు దక్కనివారిలో ఎవరు చదవలేనివారో, ఎవరు చదవనివ్వబడనివారో వేరు చేసే దారే లేకుండా చేసింది. అంటరానితనం చేసిన నష్టాల జాబితాలో ఈ పద్దును మనం ఇంతవరకు రాసుకోలేదు.

చట్టం మాత్రం ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అంతకుముందు 1995 చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల స్థానంలో ఇరవై ఒకటి చేరాయి. వాటిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఒకటి. ఏడీహెచ్‌డీకి ఆ జాబితాలో విడిగా చోటు దక్కలేదు. 2018 జనవరి 4న కేంద్రం నోటిఫై చేసిన మార్గదర్శకాలు మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్లకు గానీ, ఏది ముందైతే అప్పుడు, ప్రభుత్వ, ప్రైవేటు బడుల్లో ఉపాధ్యాయులే ప్రాథమిక పరీక్ష చేయాలని చెప్పాయి. అనుమానం ఉన్న పిల్లలను వైద్య బృందం దగ్గరికి పంపాలి, నిమ్హాన్స్ రూపొందించిన పరీక్షలతో నిర్ధారించాలి, ధ్రువపత్రం ఇవ్వాలి, దాన్ని 14వ ఏట, 18వ ఏట మళ్లీ పరీక్షించుకోవాలి. ధ్రువపత్రం చేతికొస్తే పరీక్షలో అదనపు సమయం వస్తుంది, లేఖకుడిని పెట్టుకునే వీలు వస్తుంది, ఉన్నత విద్యలో వికలాంగులకు కేటాయించిన 5 శాతం సీట్లలో, ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతంలో పోటీ పడే అర్హత వస్తుంది. ఆ 4 శాతంలో ఆటిజం, మేధో వైకల్యం, అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం అన్నింటికీ కలిపి దక్కేది 1 శాతమే అనుకోండి. అయినా అది ఒక తలుపు.

ఆ తలుపు ఎవరికి తెరుచుకుంటుంది? తల్లిదండ్రులకు ఆ మాట తెలియాలి. బడి ఒక లేఖ రాయాలి. మంగళవారమో శుక్రవారమో ఆసుపత్రికి వెళ్లాలి. ఒక్కసారి కాదు, మూడు నాలుగు సార్లు. ప్రతిసారీ ఒక రోజు కూలి పోవాలి. ఇద్దరి బస్సు చార్జీలు చేతినుంచి పెట్టుకోవాలి. డాక్టరు ముందు కూర్చుని, బిడ్డ ఎప్పుడు నడిచాడు, ఎప్పుడు మాట్లాడాడు, ఏ తరగతిలో ఏ ఇబ్బంది వచ్చింది అన్నది వరుసగా చెప్పగలగాలి. ఈ వ్యవహారమంతా చదువుకున్న, సెలవు పెట్టుకోగల, డాక్టరుతో సమానంగా కూర్చుని మాట్లాడగల తల్లిదండ్రులను ఊహించుకుని తయారైనది. నల్లమాడ నుంచి బెంగళూరు వెళ్లిన కూలీలు ఆ నగరంలోని అపార్ట్‌మెంట్లకు సిమెంటు మోస్తారు. నిమ్హాన్స్ ఉన్నదీ ఆ నగరంలోనే. వాళ్లకు ఆ నగరంలో తెలిసిన చిరునామా మేస్త్రీది మాత్రమే.

మహారాష్ట్ర 1996లోనే పదో తరగతి పరీక్షల్లో ఈ పిల్లలకు వెసులుబాట్లు ఇచ్చింది. సీబీఎస్ఈ బడుల్లో చదివేవారికి అదనపు సమయం, లేఖకుడు, భాషల నుంచి మినహాయింపు వంటివి చాలాకాలంగా తెలిసిన సంగతులే. 2021లో సుప్రీంకోర్టు రెండు ముఖ్యమైన తీర్పులు చెప్పింది. ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో, 40 శాతం వైకల్యం లేనంత మాత్రాన లేఖకుడిని నిరాకరించరాదని, సహేతుకమైన సర్దుబాటు ప్రతి వికలాంగుడి హక్కని స్పష్టం చేసింది. నవంబరులో, నీట్ పరీక్షలో అదనపు గంట దక్కని ఒక డిస్‌గ్రాఫియా విద్యార్థినికి జరిగింది అన్యాయమేనని తేల్చింది. మంచి తీర్పులు. కానీ సుప్రీంకోర్టు దాకా వెళ్లగలిగినవారు ధ్రువపత్రం అప్పటికే సంపాదించుకున్నవారు, లేదా తమకున్న ఇబ్బందికి పేరు తెలిసినవారు. తమ ఇబ్బందికి పేరే తెలియనివారు ఏ కోర్టుకు వెళతారు?

ఇది మన దేశానికే పరిమితమైన వివక్ష కాదు. లండన్‌లో 1971లో బెర్నార్డ్ కోర్డ్ అనే గ్రెనడా ఉపాధ్యాయుడు ఒక చిన్న పుస్తకం అచ్చువేశాడు. వెస్టిండీస్ నుంచి వలస వచ్చిన నల్లజాతి పిల్లలను బ్రిటిష్ బడులు ‘విద్యాపరంగా సాధారణ స్థాయికి దిగువన ఉన్నవారు’ అనే ముద్ర వేసి ప్రత్యేక పాఠశాలలకు ఎలా తోసేస్తున్నాయో అందులో వివరించాడు. అదే ఏడాది కాలిఫోర్నియాలో నల్లజాతి తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఐక్యూ పరీక్షలు పెట్టి తమ పిల్లలను మందబుద్ధుల తరగతుల్లో వేస్తున్నారన్నది వారి ఫిర్యాదు. 1979లో వచ్చిన లారీ పి. తీర్పు ఆ పరీక్షలను ఆ పనికి వాడరాదంది. అమెరికాలో ‘లెర్నింగ్ డిసెబిలిటీ’ అనే వర్గం తెల్లజాతి మధ్యతరగతి పిల్లలను, ‘మందబుద్ధి’ ముద్ర పడిన పేద, నల్లజాతి పిల్లల నుంచి వేరు చేసి కాపాడుకునేందుకు ఏర్పడిందని క్రిస్టీన్ స్లీటర్ 1986లో వాదించారు. ఆ వాదనలో అతిశయోక్తి ఉందనేవాళ్లూ ఉన్నారు. అయితే ఒక ఆధారాన్ని ఎవరూ కాదనలేరు: అమెరికా చట్టంలోని నిర్వచనమే పర్యావరణ, సాంస్కృతిక, ఆర్థిక వెనుకబాటు వల్ల వచ్చిన చదువు సమస్యలను అభ్యసన వైకల్యం నుంచి మినహాయించింది. డీఎస్ఎం-5 కూడా, సరైన బోధన అందకపోవడం వల్లనో బోధనా భాష రాకపోవడం వల్లనో వచ్చిన ఇబ్బందిని అభ్యసన వైకల్యంగా లెక్కించరాదంటుంది.

వైద్యపరంగా ఈ మినహాయింపులో అర్థముంది. దీన్ని నల్లమాడకు తెచ్చి చూడండి. పిల్లవాడు ఏడాదిలో నాలుగు నెలలు వలసలో ఉన్నాడు. కాబట్టి సరైన బోధన అందలేదు. తండా పిల్ల ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. కాబట్టి బోధనా భాష రాదు. కుటుంబం పేదది. నిపుణుడు నిజాయితీగా గ్రంథం ప్రకారం నడిచినా ఈ పిల్లల్లో ఎవరికీ ధ్రువపత్రం రాదు. అంటే వలస కుటుంబంలో డిస్‌లెక్సియా పుట్టదనా? పేదరికం ఒక వైకల్యాన్ని కప్పేస్తే, ఆ కప్పునే కారణంగా చూపి వైకల్యం లేదనడం ఎట్లాంటి న్యాయం?

పరీక్ష పెట్టే పనిముట్ల సంగతీ చూడాలి. జాతీయ మెదడు పరిశోధన కేంద్రం తయారుచేసిన ‘డాలీ’ అనే డిస్‌లెక్సియా పరీక్ష 2015లో మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషల్లో వచ్చింది. ఆ తొలి నాలుగింటిలో తెలుగు లేదు. తెలుగు లిపికి తనదైన కష్టం ఉంది. ‘భక్తి’ అనే మాట చూడండి. గుడి ‘క’ మీద ఉంటుంది. దాని ధ్వని మాత్రం కింద ఉన్న తవొత్తు తరువాత పలకాలి. కన్ను ఒక వరుసలో చూస్తే నోరు మరో వరుసలో పలకాలి. ప, వ, ష, స, న మధ్య తేడా ఒక గీతో ఒక కొక్కెమో. ఇంగ్లీషు పిల్లలు అక్షరాలను తిరగేసి రాయడాన్ని గురించిన సమాచారం చదివి వచ్చిన ఉపాధ్యాయుడికి, ఒత్తు జారిపోయిన పిల్లవాడిలో డిస్‌లెక్సియా కనిపించదు, అశ్రద్ధ కనిపిస్తుంది. దానికి తోడు మాండలికం. ‘యాడికి పోయినావు’ అని పలికే పిల్లవాడు అలాగే రాస్తే అది తప్పు కిందికి వస్తుంది. నిజమైన ఇబ్బంది వల్ల వచ్చిన తప్పును, ఇంటి భాష వల్ల వచ్చిన ‘తప్పు’ను ఒకే ఎర్రసిరాతో కొట్టేసే బడిలో ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

ఇంగ్లీషు మాధ్యమం మీద ఒక మాట. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం దళిత బహుజన పిల్లల హక్కు అన్న వాదనతో నాకు పేచీ లేదు. తమ పిల్లలను ఇంగ్లీషులో చదివించుకుంటూ ఇతరులకు మాతృభాష మహిమ బోధించేవారి మాటలకు నేను విలువ ఇవ్వను. కానీ రాసినట్లు పలకని ఇంగ్లీషు డిస్‌లెక్సియా ఉన్న పిల్లలకు తెలుగు కంటే కఠినమైన లిపి. ఇంగ్లీషు ఇస్తే, దానితోపాటు ఈ పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయుడిని కూడా ఇవ్వాలి. ఇంగ్లీషు మాధ్యమాన్ని కోరిన మనమే దీన్నీ గట్టిగా అడగాలి.

తరగతి గదిలో కులం పిల్లల మెదడు మీద ఏం చేస్తుందో చూపిన ప్రయోగం ఒకటుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే ఆర్థికవేత్తలు ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో అగ్రకులాల, దళిత కులాల బాలురకు కలిపి చిక్కుదారి పజిళ్లు ఇచ్చారు. కులం ఎవరికీ తెలియనప్పుడు రెండు వర్గాల ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందు పేరు, కులం చదివి వినిపించాక దళిత బాలుర ఫలితాలు పడిపోయాయి. పజిల్ అదే, పిల్లలూ అటువంటివారే. ఇక తన కులం ఊరంతటికీ తెలిసిన బడిలో, అందరి ముందు నిలబెట్టి చదవమన్నప్పుడు తడబడే పిల్లవాడి తడబాటులో ఎంత డిస్‌లెక్సియా, ఎంత భయం? అది తేల్చగల నిపుణుడికి మనస్తత్వశాస్త్రంతో పాటు కులశాస్త్రం కూడా తెలిసి ఉండాలి. మన బీఈడీ పాఠ్యాంశాల్లో ఈ రెండింటినీ కలిపి చెప్పే పాఠం నాకు కనిపించలేదు.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని కూడా చెప్పుకోవాలి. చదువులో వెనుకబడిన దళిత, ఆదివాసీ పిల్లలందరికీ వైకల్యం ముద్ర వేయడం మొదలుపెడితే ప్రభుత్వానికి అంతకంటే సుఖం లేదు. టీచరు లేకపోవడం, పుస్తకం ఆలస్యం కావడం, కడుపు ఖాళీగా ఉండడం అన్నీ పిల్లవాడి మెదడు ఖాతాలోకి పోతాయి. మండల కేంద్రాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడుస్తున్న భవిత కేంద్రాలు కొత్త వెలివాడలు కాగలవు. కోర్డ్ భయపడింది సరిగ్గా దీనికే. అందుకే నా వాదన ధ్రువపత్రాలు పంచమని కాదు. సహాయం ముందు రావాలి, ధ్రువపత్రం తరువాత రావాలి. చదవలేకపోతున్న ప్రతి పిల్లకూ, కారణం ఏదైనా, వారం వారం కొలిచే ప్రత్యేక బోధన కొన్ని నెలలు ఇవ్వాలి. మంచి బోధనతో పుంజుకున్నవారికి ఉన్నది బోధన లోపమే. ఎంత బోధించినా పట్టుబడని కొందరు మిగులుతారు. వాళ్లు ఎవరన్నది అప్పుడు తేలుతుంది. వలసనో పేదరికాన్నో సాకు చెప్పే అవకాశం అప్పుడు ఎవరికీ ఉండదు.

తరగతిలో చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. పనిని చిన్న ముక్కలుగా ఇవ్వడం, సూచన ఒక్కొక్కటిగా చెప్పడం, మధ్యలో లేచి తిరిగే వీలివ్వడం, రాయలేనివాడిని నోటితో చెప్పనివ్వడం. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల విషయంలో నిపుణులు మొదట చెప్పేది, టీచరుకు దగ్గరగా ముందు వరసలో కూర్చోబెట్టమని. చిన్ననాటి అంబేడ్కర్ గోనెపట్టా మీద విడిగా కూర్చున్న దేశం ఇది. ముందు బెంచీ అనే అతి చిన్న వైద్య సలహా కూడా మన దగ్గర కులాన్ని దాటుకుని రావాలి. మందుల విషయం డాక్టర్లు చెప్పాలి. ఏడీహెచ్‌డీకి ప్రధానంగా వాడే మిథైల్‌ఫెనిడేట్ మత్తుమందుల నియంత్రణ చట్టం పరిధిలోని మందు కావడం వల్ల ఊరి మందుల షాపులో దొరికేది కాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

కుటుంబాల గురించి. దెబ్బలను విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో నిషేధించింది. ఇంట్లో ఎవరూ నిషేధించలేదు. రోజంతా ఎండలో కలుపు తీసి వచ్చిన తల్లికి, చెప్పిన మాట వినని పిల్లవాడు మొండివాడుగానే కనిపిస్తాడు. అది ఆమె కాఠిన్యం కాదు. ఆమెకు ఇంకో వివరణ ఎవరూ ఇవ్వలేదు. ఆమెను అత్త తిడుతుంది, బడి తిడుతుంది, ఊరు తిడుతుంది. హైదరాబాదులో అయితే ఇలాంటి తల్లులు వాట్సాప్ గ్రూపులు పెట్టుకుని ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. పల్లెలో డ్వాక్రా సంఘం ఉంది. నెలకోసారి అప్పు కిస్తీల లెక్క చూసుకునే ఆ సమావేశంలోనే అరగంట ఈ సంగతి మాట్లాడించవచ్చు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 1969 నుంచి దళిత, గిరిజన, వెనుకబడిన కుటుంబాల మధ్య పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, చూపు, వినికిడి, మేధో వైకల్యాలున్న పిల్లలకు బడులు నడిపింది. వైకల్యం పాపఫలమనే మాటను ఈ ఊళ్లలో చాలావరకు వెనక్కి నెట్టింది అటువంటి పనే. కంటికి కనిపించే వైకల్యం విషయంలో సాధ్యమైన మార్పు కనిపించని వైకల్యం విషయంలోనూ సాధ్యమే.

విశ్వవిద్యాలయంలో ఈ కథ రెండో భాగం చూస్తుంటాను. చర్చలో ఎవరికీ తీసిపోకుండా మాట్లాడే విద్యార్థి మూడు గంటల పరీక్షలో రెండు పేజీలు దాటడు. అసైన్‌మెంటు గడువులన్నీ దాటిపోతాయి. పరిశోధన ప్రవేశం పొంది మూడేళ్లయినా సినాప్సిస్ పూర్తి కాదు. అతడు రిజర్వేషన్ విద్యార్థి అయితే మిగతా ఆలోచన అక్కడితో ఆగిపోతుంది. ‘మెరిట్ లేదు’ అన్న మాట అన్నింటికీ సరిపోతుంది. వాళ్లలో కొందరు, గుర్తింపు పొందని ఏడీహెచ్‌డీతోనో డిస్‌గ్రాఫియాతోనో ఇంతదూరం వచ్చినవారు కావచ్చు. ఏ సహాయమూ లేకుండా ఆ ఇబ్బందితో పీజీ దాకా వచ్చినవాడి మెరిట్‌ను ఏ కొలతతో కొలుస్తారు? దళిత విద్యార్థి సంఘాల మిత్రులకు కూడా నాదొక విన్నపం ఉంది. ‘మమ్మల్ని ఇప్పటికే తెలివితక్కువవాళ్లంటున్నారు, దీనికి వైకల్యం ముద్ర కూడానా’ అనే వెనుకంజ నాకు అర్థమవుతుంది. కానీ ఆ సంకోచం వల్ల ఖాళీగా మిగిలే సీట్లు, వెసులుబాట్లు ఎవరికి పోతున్నాయో చూడండి. వికలాంగుల రిజర్వేషన్ సమాంతరమైనది. ఎస్సీ, ఎస్టీ, బీసీ కోటాల గుండా అడ్డంగా సాగుతుంది. మన పిల్లల చేతిలో ధ్రువపత్రం లేకపోతే ఆ అడ్డగీత మన గడుల్లో ఆగదు.

ఈ డిమాండు మన ఉద్యమాలకు పరాయిది కాదు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వినతిపత్రంలో జోతిరావు ఫూలే పన్నెండేళ్ల వయసు వరకు ప్రాథమిక విద్య నిర్బంధం కావాలన్నాడు, ఉపాధ్యాయులు సాగుచేసే కులాల నుంచి రావాలన్నాడు. పిల్లవాడిని మొద్దు అనే ముందు బోధించేవాడెవరో చూడమన్న చూపు అందులో ఉంది. 1994లో ఈదుమూడిలో మాదిగ దండోరాకు నాంది పలికిన మంద కృష్ణ మాదిగే వికలాంగుల హక్కుల పోరాట సమితిని కూడా నడిపారు. తెలుగు నేల మీద వికలాంగుల పింఛన్లు రాజకీయ ప్రశ్న కావడంలో ఆ పోరాటం పాత్ర పెద్దది. కులాన్ని, వైకల్యాన్ని కలిపి చూసిన ఆ సంప్రదాయం పింఛను దగ్గర ఆగకుండా తరగతి గదిలోకి రావాలి.

వచ్చి ఏం అడగాలి? సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై పదిహేనుమందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలంది. ఆ నిష్పత్తి మన మండలంలో ఉందా అని అడగాలి. ధ్రువీకరణ శిబిరం మండలానికే రావాలని, వచ్చిన తల్లికి ఆనాటి కూలి, చార్జీ చెల్లించాలని అడగాలి. యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థి సామాజిక వర్గమూ నమోదవుతుంది, ప్రత్యేక అవసరాల వివరమూ నమోదవుతుంది. ఆ రెండింటినీ కలిపి, అభ్యసన వైకల్యం ఉన్నట్లు గుర్తించిన పిల్లల్లో ఎస్సీలెందరు, ఎస్టీలెందరు, ప్రభుత్వ బడివారెందరు, ప్రైవేటు బడివారెందరు అన్న లెక్కను జిల్లాలవారీగా ప్రచురించమనాలి. 2024 డిసెంబరులో కేంద్రం విద్యాహక్కు నిబంధనలు మార్చి ఐదు, ఎనిమిది తరగతుల్లో పిల్లలను ఆపివేసే వీలు కల్పించింది. ఆ దారిలో నడవాలనుకునే ఏ రాష్ట్రమైనా ముందు ఈ లెక్క చూపించాలి.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బడులకు వెళ్లి పరీక్షించవలసిన ముప్పై ఆరోగ్య సమస్యల జాబితాలో అభ్యసన వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ కూడా ఉంది. కనుక కొత్త పథకం కోసం ఎదురుచూడనక్కర్లేదు. మీ మండలంలో మూడో తరగతి పిల్లలకు ఈ ఏడాది పరీక్ష జరిగిందా, ఎంతమందిని పై ఆసుపత్రికి పంపారు, వారిలో ఎంతమందికి ధ్రువపత్రం వచ్చింది అన్న మూడు ప్రశ్నలు మండల విద్యాధికారికి సమాచార హక్కు చట్టం కింద పంపవచ్చు. మన రాష్ట్రంలో మండల స్థాయి దరఖాస్తుకు రుసుము 5 రూపాయలు.